మూడు దిక్కుల విచారణ

మా బాపు రామకిషన్‌రావుకు పత్తి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లు, ఇద్దరు ఆడపిల్లలు, ఒక సిద్ధాంతం ఉన్నాయి. మిల్లు ఆదిలాబాద్‌లో, మా ఇంటి గోడకు ఆనుకునే ఉంది. ఆడపిల్లల్లో పెద్దదాన్ని నేను, ప్రణతిని. చిన్నది స్నిగ్ధ. సిద్ధాంతం మాత్రం మా తాతల నాటిది. పిల్లకు సంబంధం వస్తే మూడు దిక్కుల విచారించాలి. మూడు దిక్కుల నుంచీ మంచిమాట వస్తే ఖాయం చేసుకోవాలి, ఒక్క దిక్కు నుంచి చెడ్డమాట వచ్చినా వదిలేయాలి.

ఈ విచారణకు ఒక మర్యాద ఉంది. ఎవరి పిల్ల కోసం అడుగుతున్నామో చెప్పకూడదు. రేపు సంబంధం తప్పిపోతే పిల్ల పేరు నలుగురి నోళ్లలో నానకూడదు కదా. అందుకని అడిగేవాడు "మాకు తెలిసినోళ్లెవరో అడుగుతుండ్రు" అంటాడు. చెప్పేవాడు "మాకు తెలిసినోళ్లెవరో చెప్పిండ్రు" అంటాడు. ఎవరు అడిగారో తెలియదు, ఎవరు చెప్పారో తెలియదు, పెళ్లి మాత్రం అయిపోతుంది. మా చుట్టాల్లో సగం పెళ్లిళ్లు ఇట్లా అయినవే.

నాదీ అట్లాగే అయింది. పెద్దపిల్లనని ముద్దుకొద్దీ బాపు నాకు నాలుగో దిక్కు కూడా అడిగించాడు. నలుగురూ "బంగారమసోంటి పిల్లగాడు" అన్నారు. పెళ్లిచూపుల రోజు ఆ బంగారం మా వాకిట్లో కారు దిగుతూ, తలుపు తియ్యడం ఆలస్యమైందని డ్రైవర్‌ను ఏమన్నాడో నేను కిటికీలోంచి విన్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. చాయ్ ఇచ్చి లోపలికొచ్చాను. డ్రైవర్ పడ్డ మాటలన్నీ నేనూ పడి, వాటికి ఇంకొన్ని కలిపి పడ్డాక విడాకులు తీసుకున్నాను. ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. బాపు అసలే ఎత్తడు.

నా ఉద్యోగం హైదరాబాద్‌లో. పని ఏమిటంటే, ఇంటర్నెట్‌లో ఏ పేజీ ఏ పేజీకి లింకు ఇస్తుందో వెతికి చెప్పడం. కోట్ల పేజీల లింకులు ఒకచోట పోగేసి ఉంటాయి. నేను ఒక అడ్రసు ఇచ్చి "దీన్ని చూపిస్తున్న పేజీలన్నీ చెప్పు" అని అడుగుతాను. అవి వచ్చాక "మరి వీటిని చూపిస్తున్నవేవి?" అని అడుగుతాను. అట్లా వెనక్కి వెనక్కి పోతే, వందమంది పొగుడుతున్నట్టు కనబడే ఆసుపత్రినో కాలేజీనో నిజానికి ఒకడే వంద పేర్లతో పొగుడుతున్నాడని తేలుతుంది. దానికి నాకు జీతం ఇస్తారు. బాపు ఇదే పని జీతం లేకుండా, ఫోన్లో, చాలా అధ్వాన్నంగా చేస్తాడని నా అభిప్రాయం. ఆ అభిప్రాయం నేను దాచుకోలేదు కూడా.

ఈసారి పత్తి సీజన్‌లో ఇంటి నుంచే పని చేసుకుంటానని ఆఫీసులో చెప్పి ఆదిలాబాద్ వచ్చాను. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి, మిల్లు దూది ఎగిరొచ్చి నా కీబోర్డు మీద పడుతోంది. అప్పుడొచ్చింది స్నిగ్ధకు ఆ సంబంధం.

తెచ్చింది మా మేనత్త జానకీబాయి. ఉండేది మంచిర్యాలలో, ఆమె ఫోన్ మాత్రం ఉమ్మడి జిల్లా అంతటా ఉంటుంది. మావాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వార్త పంపారట. కరీంనగర్‌లో తారక్ అనే అతను 'నేలనాడి' అని మట్టి పరీక్షల కేంద్రం పెట్టాడని, రైతులు బారులు తీరుతున్నారని. ఇంటిపేరు చూసి, మనవాళ్లేనని, ఇంకా పెళ్లికాలేదని అత్త ఒక్క పూటలో తేల్చేసింది.

"కిషన్, పోరడు మస్తున్నడట. పేపర్ల, నెట్ల, అన్నింట్ల వస్తుంది వాని గురించి" అంది ఫోన్లో.

"వచ్చేది నాకూ కనబడ్తది అక్కా. నేను మూడు దిక్కుల అడగాలె" అన్నాడు బాపు.

"అడుగు, వద్దన్ననా? జల్ది అడుగు. నిజామాబాదోళ్లు ఆగెటట్టు లేరు."

నిజామాబాదువాళ్లది ఇంకో సంబంధం. భూములు బాగా ఉన్నాయి, ఒక్కడే కొడుకు. తారక్ సంబంధంలో ఏ దిక్కు నుంచైనా తేడా వస్తే ఆదివారం నాడు వాళ్లకే మాట ఇచ్చేయడానికి బాపు సిద్ధంగా ఉన్నాడు. స్నిగ్ధను అడిగితే "మీ ఇష్టం బాపూ" అంది. మిల్లు గేటు దగ్గర నిలబడి పత్తి తేమ విషయంలో దళారులతో గొంతు చించుకుని కొట్లాడే పిల్ల, తన పెళ్లి మాటకొచ్చేసరికి "మీ ఇష్టం" అనేసింది. నేను కూడా ఒకప్పుడు ఇట్లాగే నోరెత్తకుండా ఊరుకున్నాను. అక్కచెల్లెళ్లం ఇద్దరం ఒకే గుంటలో పడటం నాకిష్టం లేదు. అందుకే ఈ తారక్ బండారం నేనే బయటపెట్టాలనుకున్నాను. బండారం ఉండే ఉంటుందని ముందే నమ్మాను.

బాపు దిక్కులు పంచాడు. మొదటి దిక్కు మంచిర్యాల అత్త. రెండోది మార్కెట్ యార్డులో దళారీ అంబదాస్. అతనికి మహారాష్ట్ర నుంచి కరీంనగర్ దాకా తెలియని పత్తిరైతు లేడు. మూడో దిక్కు దగ్గర బాపు కాసేపు ఆలోచించి నా వైపు చూశాడు.

"గీ కాలంల ఒక దిక్కు ఇంటర్నెట్టే కదా బిడ్డా. గది నువ్వు చూడు."

"చూస్తాను. ఆదివారం అందరి ముందు బొమ్మ గీసి మరీ చూపిస్తాను" అన్నాను.

కూర్చుని అడగడం మొదలుపెట్టాను. నేలనాడిని చూపిస్తున్న పేజీలు చాలానే వచ్చాయి. చూడగానే నాకు పండగైంది. అన్నింట్లోనూ ఒకటే వాక్యం: "మట్టి అబద్ధం చెప్పదు, చెప్పినా తారక్ ఊరుకోడు." కరీంనగర్ వార్తల సైటులో అదే వాక్యం, పక్కన "మంచిర్యాల సైటు ప్రకారం" అని లింకు. మంచిర్యాల సైటుకు పోతే "వ్యవసాయ పత్రిక ప్రకారం" అని ఇంకో లింకు. వ్యవసాయ పత్రికకు పోతే "యువ విజేతల జాబితా ప్రకారం". ఆ జాబితాకు పోతే, వాళ్లకు ఈ సంగతి కరీంనగర్ వార్తల సైటు చెప్పిందట. గానుగెద్దు తిరిగినట్టు తిరిగి మొదటికే వచ్చాను. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. డబ్బులు పారేసి రాయించుకున్న పొగడ్తలు ఇట్లాగే ఉంటాయని నా అనుభవం. ఒక పెద్ద కాగితం తీసుకుని సైట్ల పేర్లు రాసి బాణాలు గీశాను. బొమ్మ చక్కగా గుండ్రంగా వచ్చింది.

మధ్యాహ్నం బాపు పక్కన కూర్చుని జొన్నరొట్టె తింటున్నాను. బాపు ఫోన్ మోగింది. చేతికి పప్పు అంటిందని స్పీకర్ పెట్టాడు. ఓంప్రకాశ్ సేఠ్, మా దగ్గర దూది బేళ్లు కొనే మార్వాడీ వ్యాపారి.

"రావు సాబ్, ఒక మాట అడగాలె. ఎవరి కోసమని మాత్రం అడగొద్దు."

"అడగను. చెప్పు సేఠ్."

"కరీంనగర్ల మట్టి చూసే పిల్లగాడు ఒకడున్నడట, తారక్ అని. ఎట్లాంటోడు సాబ్? మీవోళ్లే కదా, మీకు ఎర్కుంటదని."

బాపు నోటిదగ్గరి ముద్ద ఆగింది. నా వైపు ఒకసారి, గోడ వైపు ఒకసారి చూశాడు. తెలియదంటే రామకిషన్‌రావుకు తెలియని మనిషి మావాళ్లలో ఒకడున్నాడని ఊరికి తెలుస్తుంది. నేనే అడిగిస్తున్నానంటే మర్యాద పోతుంది. గొంతు సవరించుకున్నాడు.

"మంచోడనే విన్న."

"ఎవరు చెప్పిండ్రు సాబ్?"

"గది చెప్పొద్దు కదా సేఠ్."

"సహీ బాత్ సాబ్. మాఫ్ చెయ్యిండ్రి" అని సేఠ్ ఫోన్ పెట్టేశాడు.

బాపు రొట్టె ముగించి చేతులు కడుక్కుని బయటికి పోయాడు. మిల్లు ఆవరణలో చాలాసేపు అటూ ఇటూ తిరిగాడు. తన మాటకు ఇంకా ఇంత విలువుందని మురిసిపోతున్నాడనుకున్నాను.

ఆ సాయంత్రం అంబదాస్ స్వయంగా ఇంటికొచ్చాడు. చాయ్ గ్లాసు పట్టుకుని గొంతు తగ్గించి, "రావు సాబ్, కామ్ అయింది. పోరడు ఏక్‌దమ్ మంచోడు. ఆదిలాబాద్ల ఒక పెద్దమనిషి ఖుద్దుగ చెప్పిండు. పేరు అడగకుండ్రి" అన్నాడు.

"అడగను" అన్నాడు బాపు గంభీరంగా.

నాకు చాయ్ పొలమారింది. వంటింట్లోకి పోయి నవ్వీ నవ్వీ, మేము అవ్వ అని పిలిచే అమ్మ "ఏమైందే నీకు" అంటే చెప్పలేక, అత్తకు ఫోన్ చేశాను. అత్త దిక్కు ఎందాకా వచ్చిందో కూడా చూడాలి కదా.

"మనకు మంచి ఖబరే వచ్చింది బిడ్డా. మా సక్కుబాయి ఉన్నది సూడు, నా చిన్నప్పటి దోస్తు, ఆదిలాబాద్లనే ఉంటది. ఆమె గట్టిగ చెప్పింది."

"సక్కుబాయికి ఎవరు చెప్పారత్తా?"

"ఆమె కొడుకు. గా యార్డుల దళారీ లేడా, అంబదాస్."

అంతే, బొమ్మ పూర్తయింది. బాపు అంబదాస్‌ను అడిగాడు. అంబదాస్ ఓంప్రకాశ్‌ను అడిగాడు. ఓంప్రకాశ్ బాపునే అడిగాడు. బాపు చెప్పిన మాట సేఠ్ నోటి మీదుగా అంబదాస్‌కు, అంబదాస్ నుంచి ఒక చేత్తో బాపుకు, ఇంకో చేత్తో సక్కుబాయి ద్వారా అత్తకు చేరింది. ఇంకో కాగితం తీసుకుని ఈ మనుషుల పేర్లు రాసి, వీళ్ల మధ్యా బాణాలు గీశాను. రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే అచ్చం కవలపిల్లలే. ఆదివారం కోసం నాకు చేతులు దురద పెట్టాయి.

అయితే నా పనిలో ఒక అలవాటుంది. గొలుసు ఎంత గుండ్రంగా ఉన్నా, అది ఎక్కడో ఒకచోట మొదలై ఉండాలి. ఏ లింకు ఎప్పుడు మొదటిసారి కనబడిందో కూడా మా దగ్గర ఉంటుంది. మర్నాడు పొద్దున, నేలనాడికి లింకిచ్చిన పేజీలను పాతవి ముందు వచ్చేట్టు వరసలో పెట్టి చూశాను. అన్నిటికంటే పాతది ఆ గుండ్రంలో లేనే లేదు. 'తేమ శాతం' అనే ఒక చిన్న బ్లాగు. దానిలోంచి బయటికి దారులున్నాయి గానీ, ప్రపంచంలో ఏ పేజీ నుంచీ దానికి దారి లేదు. దాని మీదికి ఎవరూ వేలు చూపలేదు. ఆ "ఊరుకోడు" వాక్యం అక్కడిదే. ఎవరో ఎత్తుకుపోయి, పేరైనా చెప్పకుండా వాడుకున్నారు. మిగతావాళ్లు దొంగ దగ్గర దొంగిలించారు.

రాసినవాళ్ల పేరు లేదు. మొదటి పోస్టు పొగడ్త కాదు, తిట్టు. మట్టి పంపితే రిపోర్టు చెప్పిన రోజుకు రాలేదని, ఫోన్ చేస్తే "ఇంకోసారి చూడాలండీ, అంకెలు నాకు నమ్మబుద్ధి కావట్లేదు" అన్నాడని, ఇట్లాంటివాడు వ్యాపారం ఏం చేస్తాడని. దాని తర్వాతి పోస్టులో ఒక పెద్దమనిషి సంగతి. ఆయన చెల్కలో, అంటే మెట్టచేనులో, చౌడు ఉంది, నీళ్లు నిలుస్తాయి, పత్తి పెట్టొద్దని తారక్ రిపోర్టులో రాస్తే, ఆ పెద్దమనిషి, రాసినవాడి పేరైనా చూడకుండా దాన్ని చింపి పారేసి పత్తే పెట్టాడు. చేను ఎర్రబడి పోయింది. "చెప్పిన మాట నిజమైనందుకు తారక్ సంతోషపడలేదు, రెండు రోజులు బాధపడ్డాడు" అని రాసి ఉంది. నేను చదువుతూనే పోయాను. అక్కడక్కడా తిట్లే, కానీ తిట్టే గొంతు మెల్లమెల్లగా మారుతూ వచ్చింది. పనివాళ్లతో ఎట్లా మాట్లాడతాడు, కోపమొస్తే ఎట్లా ఊరుకుంటాడు, బస్టాండులో చాయ్‌కి చిల్లర లేకపోతే ఎట్లా కంగారుపడతాడు, అన్నీ ఉన్నాయి. ఎవరో కళ్లు పెట్టి చూసిన మనిషి అక్కడ ఉన్నాడు.

చివరి పోస్టులో ఒక కుక్క కథ ఉంది. లారీలు తూచే కాంటా మీదే వచ్చి పడుకుంటుందట, లేపితే రైతు వైపు కాకుండా మిల్లు ఓనర్ వైపు చూసి మొరుగుతుందట, అందుకని దాని పేరు కూడా కాంటాయేనట. నేను కిటికీలోంచి చూశాను. మా మిల్లు కాంటా మీద మా కుక్క కాంటా పడుకుని ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

గేటు దగ్గరికి పోయాను. స్నిగ్ధ తేమ మీటరు పత్తిలోకి గుచ్చి అంకె చూస్తోంది.

"తేమ శాతం ఎంతుందే?" అన్నాను.

"పది" అంది. తర్వాత నా మొహం చూసి మీటరు పక్కన పెట్టింది. "చదివినవా?"

"మొత్తం" అని, నేను గీసిన రెండు బొమ్మల సంగతీ చెప్పాను. "ఇదంతా నువ్వే నడిపించావా? ఆ సైట్లు, వాట్సాప్, అత్త?"

"నేనేం నడిపించిన అక్కా? మట్టి రిపోర్టుల కోసం కరీంనగర్ పోయొస్తుంటి. తోచింది రాసుకున్న. మిగిలింది మొత్తం మీరే చేసుకున్నరు. అత్త సంబంధం తెచ్చినంక నేనూ తారక్ ఇద్దరం ఎంత పరేషాన్ అయినమో నీకు తెల్వదు."

"మరి బాపుకు చెప్పొచ్చు కదా."

"చెప్తే ప్రేమ సంబంధం అయితది. చెప్పకుంటే మంచి సంబంధం" అంది. నవ్వడం లేదు. "నువ్వు రేపు బొమ్మ చూపిస్తే రెండు దిక్కులు ఉత్తవే అని తేలుతది. బాపు నిజామాబాదోళ్లకు మాటిస్తడు. నీ సంబంధం నాలుగు దిక్కుల అడిగి చేసిండ్రు కదక్కా. నాకు ఒక్క దిక్కు చాలు."

నాకు కోపం రావాల్సింది. ఏడుపొచ్చింది. అది చూసి కాంటా లేచొచ్చి నా కాళ్ల దగ్గర నిలబడింది. లారీ డ్రైవర్ హారన్ కొట్టాడు. ఇద్దరం తప్పుకున్నాం.

ఆదివారం అత్త కారులో దిగింది. అంబదాస్ వచ్చాడు. హాల్లో దివాను మీద బాపు, ఎదురుగా వాళ్లిద్దరూ. అవ్వ పళ్లెంలో సర్వపిండి ముక్కలు పెట్టింది. స్నిగ్ధ చాయ్ తెచ్చి ఇచ్చింది. చుక్క చాయ్ తొణకలేదు, కళ్లలో బెదురు లేదు. ఈ పిల్ల గుండె రాయి అనుకున్నాను. నా చేతిలో చుట్టిన కాగితాలు రెండూ చెమటకు మెత్తబడ్డాయి.

"మొదటి దిక్కు మంచిగ వచ్చింది" అన్నాడు బాపు, వేలు ముడుస్తూ.

"గట్టిగ వచ్చింది" అంది అత్త.

"రెండో దిక్కు."

"ఖుద్దుగ పెద్దమనిషి చెప్పిండు" అన్నాడు అంబదాస్.

"ఇగ మూడోది. బొమ్మ గీస్తనంటివి కదా బిడ్డా. నీ కంప్యూటర్ ఏమంటుంది?"

వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్లి చెయ్యమన్నారు. నేను ఒక్కటి కూడా ఆడదలచుకోలేదు. కాగితాలు ఒళ్లో పెట్టుకుని పైన చెయ్యి ఆనించాను.

"బొమ్మ సరిగా రాలేదు బాపూ. పొగిడేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరికీ అతను తెలియదు, ఒకరిని చూసి ఒకరు పొగిడారు. అతను నిజంగా తెలిసినవాళ్లు ఒక్కరే దొరికారు. వాళ్లు తిట్టారు."

అత్త సర్వపిండి కింద పెట్టేసింది. "తిట్టిండ్రా? ఏమని?"

"చెప్పిన టైముకు రిపోర్టు ఇవ్వడట. ఆలస్యం చేస్తాడట. రెండుసార్లు చూసుకోనిదే సంతకం పెట్టడట."

"గదేం తిట్టు? మంచిదే కదా" అన్నాడు అంబదాస్.

"ఇంకోటి కూడా ఉంది. ఎవరో పెద్దమనిషికి ఆయన చెల్క పత్తికి పనికిరాదని మొహమాటం లేకుండా చెప్పేశాడట. ఆయన వినలేదట. చేను పోయిందట."

బాపుకు దగ్గొచ్చింది. దగ్గుతూనే పైపంచె మూతికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ పంచె వెనక ఆయన నవ్వుతున్నట్టు నాకనిపించింది, కానీ అందులో నవ్వడానికేముందో అర్థం కాలేదు.

"ఎవరు బిడ్డా గా చెప్పినోళ్లు?" అని అత్త ముందుకు వంగింది.

"విచారణలో పేరు చెప్పకూడదు కదత్తా."

"అవ్, నిజమే. చదువుకున్నా పిల్లకు మర్యాద ఎర్కే" అని అత్త తృప్తిపడింది. బాపు మూడో వేలు కూడా ముడిచాడు. నిజామాబాదువాళ్లకు ఏం చెప్పాలో అత్త చూసుకుంటానంది. స్నిగ్ధ ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. వంటింట్లో ఒక గ్లాసు కిందపడి పగిలిన చప్పుడు వినబడింది. అప్పటిదాకా ఆపుకున్నది అప్పుడు బయటపడిందన్నమాట.

వాళ్లు వెళ్లిపోయాక బాపు మిల్లు ఆవరణలో నులకమంచం మీద ఎండలో కూర్చున్నాడు. కాగితాలు ఒళ్లో పెట్టుకుని నేనూ పోయి కూర్చున్నాను. పెళ్లి ఖాయమైంది, నేను ఊరుకోవాల్సింది. కానీ నాకు తెలిసిన సంగతి కడుపులో పెట్టుకునే గుణం నాకు లేదు.

"బాపూ, ఒకటి చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. అంబదాస్ చెప్పిన పెద్దమనిషి నువ్వే. అత్తకు అందింది కూడా నీ మాటే. ఆ రోజు సేఠ్ అడిగితే చెప్పావు చూడు, అదే ఊరు తిరిగొచ్చింది. నీ అల్లుడి గురించి నీకు నువ్వే చెప్పుకున్నావు."

బాపు ఎండలోకి కళ్లు చికిలించాడు.

"నాకు ఎరుక లేదనుకున్నవా?" అన్నాడు.

"తెలుసా?"

"సేఠ్ గొంతుల నేనడిగిన సవాలే నాకు వినబడె. మొదలు నవ్వొచ్చింది. తర్వాత భయమైంది బిడ్డా. ముప్పై ఏండ్ల సంది చుట్టాలందరి పిల్లలకు నేనే విచారిస్తున్న. గన్నిట్ల ఎన్ని గిట్లనే తిరిగొచ్చినయో అనుకున్న. నిద్ర పట్టలే. గియ్యాల పొద్దున నీ చెల్లె కుక్కకు బువ్వ పెడుతుంటే పోయి అడిగిన, గా తారక్ ఎట్లాంటోడే అని."

"దాన్నా? ఏమంది?"

"తల ఎత్తలే. 'మంచోడే బాపూ, జర ఆలస్యం చేస్తడు' అన్నది." బాపు మోకాలు మీద చరిచి నవ్వాడు. "లోపల నువ్వు ఆలస్యం ముచ్చట తియ్యంగనే సమజైంది, నీ దిక్కు కూడ గా కుక్కకు బువ్వ పెట్టే పిల్ల కాడికే వచ్చిందని. చెల్క ముచ్చట ఎందుకు తీసినవే? అక్క ముందల నా ఇజ్జత్ పోతుండె."

రిపోర్టు చింపిన పెద్దమనిషి ఈయనేనన్నమాట. నేనూ నవ్వాను. మూడు దిక్కులూ పోగా చివరికి స్నిగ్ధ ఒక్కతే మిగిలింది. "మరి తెలిసీ ఈ పంచాయితీ అంతా ఎందుకు పెట్టావు?"

"చుట్టాలకు కావాలె కదా. అడగకుంట చేసిండని రేపు అనరా?"

నవ్వు ఆగిపోయింది. బాపు నా ఒళ్లోంచి ఒక కాగితం తీసి విప్పాడు. మనుషుల బొమ్మ. అంబదాస్, ఓంప్రకాశ్, సక్కుబాయి, అత్త, తను. బాణాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తిప్పుకుంటూ పోయాడు.

"నీ అప్పుడు నాలుగు దిక్కుల అడిగిన" అన్నాడు, కాగితం మీంచి తల ఎత్తకుండా. "నిన్ను అడగలే."

ఇన్నేళ్లుగా ఆయన ఈ మాట అనాలని నేను ఎదురుచూస్తున్నానని నాకే తెలియదు. పొట్లాడటానికి తయారుగా పెట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకోలేదు. పక్కనే కూర్చున్నాను.

"అడిగితే ఏమనేదానివి బిడ్డా?"

"వద్దనేదాన్ని బాపూ."

బాపు తలూపాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లాల్చీ జేబులో పెట్టుకున్నాడు.